ఇడ్లీ పాత్రలో పన్నెండు బంతులు

నేను చదివింది నాలుగో తరగతి. అయినా ఐర్లండులో ఒక కాలేజీకి బేస్‌బాల్ కోచ్‌గా పనిచేశాను. నమ్మనివాళ్ళు మా ఇంటికి వస్తే ఇడ్లీ పాత్ర చూపిస్తాను. ఇడ్లీ పాత్రకీ కోచ్ పనికీ సంబంధమేమిటంటారా? ఆ సంబంధం చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదవాలని నా కోరిక. నవ్వొస్తే నవ్వుకోండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

ముందు నా అసలు ఉద్యోగం సంగతి. కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీలో, ఆటల స్టోరు రూములో ముప్పై ఒక్క ఏళ్ళు ఆయాగా చేశాను. మా ఫిజికల్ డైరెక్టరు, అంటే పీడీ సారు, పడుచు రోజుల్లో బేస్‌బాల్ ఆడినవాడు. అందుకని ఆ చుట్టుపక్కల ఎక్కడా లేని ఆ ఆట మా కాలేజీలో ఉండేది. ఒకరు బంతి విసురుతారు, ఎదుటివారు దుడ్డుకర్ర లాంటి బ్యాటుతో కొడతారు, కొట్టి నాలుగు మూలలూ తిరిగి వస్తే ఒక పరుగు. తెలుసుకోవలసింది అంతే. మిగతాదంతా అరవడం.

నా పని తెల్లారేసరికి తాడు పట్టి మూలలు కొలిచి, సున్నంతో గీతలు వేయడం. బంతులు చిరిగితే కుట్టడం. వాన పడితే ఒక్కో బంతినీ స్టోరు రూము సిమెంటు గచ్చు మీద వదిలి చప్పుడు వినడం. పొడి బంతి టక్కుమంటుంది. తడిసిన బంతి దబ్బుమంటుంది. దబ్బుమన్నదాన్ని ఆటకి ఇవ్వకూడదు, ఎంత కొట్టినా పోదు. ఇంత తెలిసినా, ఆట మొదలయ్యాక గీత లోపల కాలు పెడితే పీడీ సారు విజిల్ వేసేవాడు.

"ఏయ్ ఆయా! గీత దాటొద్దన్నానా!"

గీత వేసింది నేను. దాటకూడనిదీ నేనే. ముప్పై ఒక్క ఏళ్ళు దాటలేదు. రిటైరైన రోజున శాలువా కప్పారు. శాలువా కూడా గీత బయటే కప్పారు.

ఆ తరవాత మా అమ్మాయి రెండో కాన్పుకని ఐర్లండులో వాళ్ళుండే డండాక్ ఊరికి వెళ్ళాను. మూడు నెలలుండి వచ్చేద్దామనుకున్నాను. పిల్లాడు పుట్టాడు, బారసాల అయింది, కరోనా వచ్చింది, విమానాలు ఆగిపోయాయి. కూతురూ అల్లుడూ చెరో గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుని రోజంతా ఎవరితోనో మాట్లాడుతుండేవాళ్ళు. నేను చంటివాడికి స్నానం పోసి పడుకోబెట్టి, మనవరాలిని పసితనంలో తిప్పిన పాత బండి తోసుకుంటూ కూరగాయలకి వెళ్ళేదాన్ని. ఇంటికి అయిదు కిలోమీటర్లు దాటి పోకూడదని ప్రభుత్వం వారి ఆజ్ఞ. నాకు రెండు కిలోమీటర్లే ఎక్కువ.

కొన్నాళ్ళకి ఆంక్షలు కాస్త సడలించి, బయట మైదానాల్లో పదిహేను మంది మించకుండా ఆడుకోవచ్చన్నారు. ఒకరోజు అలా వస్తూ కాలేజీ మైదానంలో పిల్లలు బేస్‌బాల్ ఆడుతుంటే చూశాను. చూడగానే నా ఒళ్ళు మండింది. మూలలు వంకర. మూడో మూల దగ్గరికొచ్చేసింది, రెండోది దూరం పోయింది. బండి పక్కన పెట్టి, "ఏ వెధవ వేశాడీ గీతలు?" అని గట్టిగానే అన్నాను. తెలుగు అక్కడెవరికి తెలుస్తుందిలే అని ధైర్యం.

బంతి విసురుతున్న పిల్ల టక్కున ఆగిపోయింది.

"నేనే వేసిన అమ్మమ్మా. గంత మంచిగ లేవా?"

వరంగల్ పిల్ల. అక్కడ ఎమ్మెస్సీ చదువుతోంది, జట్టుకి కెప్టెన్. ఆ పిల్లా నేనూ పావుగంట పోట్లాడుకున్నాం. పావుగంట అయ్యేసరికి నేను తాడు కట్టి నాలుగు మూలలూ సరిచేసి ఉన్నాను, ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తూ ఉంది.

మర్నాడు మా ఇంటి గుమ్మం ముందు, రెండు మీటర్ల అవతల నిలబడి అసలు సంగతి చెప్పింది. వాళ్ళ కోచ్ అమెరికా మాస్టారు, సెలవుల్లో ఇంటికెళ్ళి అక్కడే ఇరుక్కుపోయాడు. కోచ్ లేకుండా సాధన చేయకూడదు, నిన్నటిది దొంగాట. చేస్తే దగ్గర ఒక కోవిడ్ ఆఫీసరు కూడా ఉండాలి.

"ఇంక ఒక్కటున్నది అమ్మమ్మా. మా జట్టు మూడేండ్ల సంది ఒక్క మ్యాచ్ గెల్వలే. ఈసారన్న ఒక్కటి గెలుస్తే క్లబ్బు ఉంచుతరట. లేకుంటే మా శనివారం గ్రౌండు ఫ్రిస్బీ వాళ్ళకిస్తరట."

"ఫ్రిస్బీ అంటే?"

"పళ్ళెం ఇసురుకుంటరు."

"పళ్ళెమా? పళ్ళెం విసురుకునేవాళ్ళకి గ్రౌండా?"

నేను ఒప్పుకోవడానికి ఆ ఒక్క మాట చాలింది.

మా అమ్మాయి మాత్రం లాప్‌టాప్ మూసేసి మరీ బయటికొచ్చింది. "అమ్మా, ఆర్ యూ సీరియస్? నీకు ఇంగ్లీషు రాదు, ఈ వయసులో కోచింగేంటి?"

"మా పీడీ సారుకి మాత్రం వచ్చా? 'కమాన్' తప్ప ఇంకో ముక్క రాదు. ముప్పై ఏళ్ళు దాంతోనే నెట్టుకొచ్చాడు."

కోవిడ్ ఆఫీసరు కావాలంటే కంప్యూటర్లో పరీక్ష రాయాలి. రెండో తరగతి చదివే మనవరాలు ప్రశ్నలు చదివి, దానికి వచ్చిన తెలుగులో నాకు చెప్పింది. రెండు మీటర్ల దూరం ఎంతో తెలుసా అని ఒక ప్రశ్న. అయిదున్నర మీటర్ల చీర కట్టుకునేదాన్ని నన్నడుగుతారా? పరీక్ష పాసయ్యాను. మనవరాలు, "గ్రాండ్, అమ్మమ్మా, యూ పాస్డ్," అని సర్టిఫికెట్ ముద్రించి ఇచ్చింది. అక్కడ సరే అన్నా, బాగుంది అన్నా గ్రాండే. నా పేరు మీద వచ్చిన మొదటి సర్టిఫికెట్ అది. ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించాను.

మర్నాటి నుంచి పని మొదలు. పాత నేత చీర ఒకటి మైదానంలో పరిచి, ఈ కొసన ఒకరు, ఆ కొసన ఒకరు, మధ్యలో ఒకరు నిలబడమన్నాను. దూరం కొలవడానికి అంతకంటే చవకైన సాధనం ఆ దేశంలో ఎవరి దగ్గరా లేదు. ఇంగ్లీషు రాదు కనక "ఒంగు," "ఆగు," "పో" అని మూడు మాటలు నేర్పాను. బంతి పట్టే చోట కూర్చునే ఐరిష్ అబ్బాయి ఒకడుండేవాడు, గొర్రెలు మేపే వాళ్ళ ఇంటి నుంచి వచ్చినవాడు, తలుపంత మనిషి. వాడికి "ఒంగు" ఎంత నచ్చిందంటే, బస్సు స్టాపులో నన్ను చూసినా రోడ్డు అవతల నుంచి "ఒంగు, కోచ్!" అని అరిచేవాడు. నమస్కారం అనుకున్నాడేమో.

నా కోచింగ్‌లో గొప్ప సూత్రం ఒక్కటే ఉండేది. బంతి పోతే అది దొరికేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. మైదానం చుట్టూ కంచె, కంచె నిండా దురదగొండి లాంటి మొక్క. బంతి అందులో పడితే, వదిలినవాళ్ళే వెళ్ళి తేవాలి. రెండు వారాల్లో మా పిల్లలు గాల్లోకి ఎగిరి, నేల మీద పడి, పొర్లి, పళ్ళతో పట్టినంత పని చేసి బంతుల్ని ఆపడం మొదలెట్టారు. అమెరికా మాస్టారు రెండేళ్ళలో రప్పించలేని చురుకుదనం దురదకి వచ్చింది.

సామాన్లు మోయడానికి మనవరాలి పాత బండే వాడేదాన్ని. బ్యాట్లు పడుకోబెట్టి, తడవకుండా పైన చంటివాడి దుప్పటి కప్పేదాన్ని. ఒకరోజు రౌండబౌట్ దగ్గర గార్డులు ఆపారు. పోలీసుల్ని అక్కడ అలాగే అంటారు. పడుచు గార్డు, మంచివాడు. చంటిపిల్ల అనుకుని నవ్వుతూ ఒంగి దుప్పటి తీశాడు. పదకొండు బ్యాట్లు. వాడు నా చీరని చూశాడు, నా నెరిసిన జుట్టు చూశాడు, మళ్ళీ బ్యాట్లని చూశాడు. నేను సంచీలోంచి, నేను కోచ్‌నని కాలేజీవారిచ్చిన కాగితం తీసి చూపించాను. చదివి, సెల్యూట్ కొట్టి, దుప్పటి మళ్ళీ జాగ్రత్తగా కప్పి, బ్యాట్ల మెడ కింద సర్దాడు.

ఇక్కడిదాకా అంతా నా గొప్పే. ఇప్పుడు నా తప్పు వినండి.

ఆంక్షలు ఇంకాస్త సడలాక డబ్లిన్ కాలేజీ జట్టుతో మ్యాచ్ ఖాయమైంది. కరోనా వల్ల కొత్త నిబంధన ఒకటి పెట్టారు. ఎవరు బంతి విసురుతుంటే వాళ్ళ బంతులే వాడాలి. అంటే మేము విసిరేటప్పుడు మా బంతులు, వాళ్ళు విసిరేటప్పుడు వాళ్ళవి. మ్యాచ్‌కి ముందు ఆ బంతులన్నిటినీ క్రిమిరహితం చేసి, చేశామని కోవిడ్ ఆఫీసరు సంతకం పెట్టాలి. సాధనకి నేను కుట్టిన పాత బంతులే వాడించి, పన్నెండు కొత్త బంతులు మ్యాచ్ కోసమని దాచి ఉంచాను. వాటిని తుడవడానికి కాలేజీవారు రెండు సీసాల మందూ ఒక బస్తా కాగితం గుడ్డలూ పంపారు. ఒక్కో బంతికి రెండు గుడ్డలట. వాడి పారెయ్యాలట. నాకు ప్రాణం ఒప్పలేదు.

ఆ రోజుల్లో మన ఇళ్ళలో ఆవిరి పట్టని ముక్కు లేదు. ఫోను తీస్తే చాలు, పసుపేసి ఆవిరి పట్టు అని ఒకరు, వామేసి పట్టు అని ఒకరు. మా ఇంట్లో పూటకి నలుగురం దుప్పటి ముసుగేసుకుని కూర్చునేవాళ్ళం. ముక్కులోని పురుగు ఆవిరికి చస్తే, బంతి మీది పురుగు చావదా? నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేశాను. అడుగు ప్లేటు ఒక్కటే ఉంచాను. నాలుగు గుంటల్లో నాలుగు బంతులు ఎంత ముద్దుగా కూర్చున్నాయో! ఇడ్లీకి పది నిమిషాలు కదా, బంతి మందం కనక పన్నెండు ఉంచాను. మూడు వాయిల్లో పన్నెండు బంతులూ దిగాయి. తరవాత హాట్ ప్రెస్‌లో ఆరబెట్టాను. హాట్ ప్రెస్ అంటే అక్కడి ఇళ్ళల్లో వేడినీళ్ళ ట్యాంకుండే అలమర, బట్టలు ఆరేస్తారు. మా అల్లుడు తువ్వాలు కోసం తలుపు తీస్తే బంతులు దొర్లి కాళ్ళ మీద పడ్డాయి.

"అత్తయ్యగారూ, వీటిలోంచి టిఫిన్ వాసనొస్తోందేంటండీ?"

"ఆకలేస్తే అన్నీ అలాగే ఉంటాయి నాయనా."

రెండు రోజులు ఆరనిచ్చి, పైన తడిమి చూస్తే పొడిగా, గట్టిగా ఉన్నాయి. క్రిమిరహితం చేశానని సంతకం పెట్టేశాను. ముప్పై ఒక్క ఏళ్ళు తడిసిన ప్రతి బంతినీ గచ్చు మీద వదిలి చూసిన మనిషిని, ఆ పన్నెండింట్లో ఒక్కదాన్నీ వదిలి చూడలేదు. వానలో తడిసింది తడి అనుకున్నాను. నా పాత్రలో తడిసింది నాకు తడిగా తోచలేదు.

మ్యాచ్ రోజు శనివారం, మబ్బుగా ఉంది. కాలేజీ ఆటల ఆఫీసరు గొడుగేసుకుని వచ్చి నిలబడ్డాడు. ఫ్రిస్బీ వాళ్ళు కూడా ఇద్దరు వచ్చి, మైదానం మాదే అన్నట్టు కంచె దగ్గర నుంచి కొలుచుకుంటూ చూస్తున్నారు. అంపైరు పెద్దాయన, మాస్కు మీద మాస్కు పెట్టుకున్నాడు. మా బంతులు చేతిలోకి తీసుకుని పసుపు వన్నె చూశాడు. కొత్త బంతి నునుపు పోవడానికి మట్టి రుద్దడం ఆ ఆటలో ఆనవాయితీ. మేమూ రుద్దామనుకుని సరేనన్నాడు.

ఒక్కో జట్టుకి ఏడు విడతలు. ముందు డబ్లిన్ వాళ్ళు కొట్టాలి. మా కెప్టెన్ రెండు బంతులు విసిరి నా వైపు తిరిగింది.

"అమ్మమ్మా, బాల్ జర బరువున్నట్టున్నది."

"బరువు బంతిలో లేదే, నీ చేతిలో ఉంది. బద్ధకం! విసురు!"

విసిరింది. అవతలివాడు కండలు తిరిగిన మనిషి, బలమంతా పెట్టి కొట్టాడు. బంతి వెళ్ళి మా పిల్ల చేతిలో మెత్తగా పడింది. ఇంకొకడు కొట్టాడు. అదీ అంతే. నాలుగు విడతలు అలాగే గడిచాయి. డబ్లిన్ వాళ్ళ బంతులు మావాళ్ళు కొడితే మాత్రం టక్కుమని కంచెదాకా పోతున్నాయి. మాకు అయిదు పరుగులు, వాళ్ళకి సున్నా. ఆటల ఆఫీసరు గొడుగు మూసి చప్పట్లు కొట్టాడు. ఫ్రిస్బీ వాళ్ళు కొలవడం మానేశారు. ఐరిష్ అబ్బాయి నా దగ్గరికొచ్చి "ఒంగు, కోచ్!" అన్నాడు. నేను కొంగు నడుముకి చుట్టుకుని పీడీ సారులాగా అటూ ఇటూ పచార్లు చేస్తున్నాను.

చప్పుడు నాకు వినపడలేదా అంటే వినపడింది. మొదటి విడత నుంచీ వింటూనే ఉన్నాను. ఆ దేశంలో గాలే తడి కదా అని సర్ది చెప్పుకున్నాను. గెలుస్తున్నప్పుడు చెవులు కూడా మనం చెప్పినట్టే వింటాయి.

అయిదో విడత మొదట్లో ఒక బంతి పక్కకి తిరిగి, దొర్లుకుంటూ వచ్చి నా కాలి దగ్గర ఆగింది. తీశాను. చెయ్యి కిందికి దిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు వాసన, దాని వెనక ఇడ్లీ రేకుల వాసన. పక్కనే సిమెంటు బాట ఉంది. వదిలాను.

దబ్బుమంది.

నా గుండె కూడా.

కెప్టెన్‌ని పిలిచి ఉన్న మాట చెప్పాను. ఆ పిల్ల మాస్కు పైన కళ్ళు పెద్దవి చేసింది.

"ఆవిరి వట్టినవా? బంతులకా? ఏంది అమ్మమ్మా, వాటికేమన్న జలుబయ్యిందా?"

"తప్పయిపోయిందే. అంపైరుకి చెప్పాలి."

"చెప్పకు! నీ కాళ్ళు మొక్కుత. ఎవ్వరికెర్క? నువ్వు కావాల్నని చేసినవా? మూడేండ్లకు ఒక్కపారి గెలుస్తున్నం. నా కోర్సు గూడ అయిపోతున్నది. మల్ల నేను ఎప్పుడు ఆడాలె?"

నాకూ గెలవాలనే ఉంది. నన్ను కోచ్ అని పిలిచినవాళ్ళు ఈ భూమ్మీద ఆ పదిహేను మందే. క్లబ్బు పోతే ఆ పిలుపూ పోతుంది. మళ్ళీ నేను కూరగాయల బండి తోసుకునే ముసలమ్మని. కానీ స్టోరు రూములో అన్నేళ్ళు చేసింది ఏమిటి? దబ్బుమన్న బంతి ఆటకి ఇవ్వకపోవడం ఒక్కటే కదా నా ఉద్యోగం. అది కూడా చేయకపోతే నేను ఏ ఉద్యోగం చేసినట్టు?

గీత దాటాను. ఎవరూ విజిల్ వేయలేదు. సరాసరి అంపైరు దగ్గరికి వెళ్ళి, రెండు మీటర్ల దూరంలో నిలబడి, బంతి చూపించాను. ఇంగ్లీషులో చెప్పనని కెప్టెన్ ఉన్నచోటే ఉండిపోయింది. ఎలా చెప్పడం? చేతులతో పాత్ర పెట్టాను, మూత పెట్టాను, కింద మంట వెలిగించాను, పైకి పొగ పోనిచ్చాను. అంపైరు రెండడుగులు వెనక్కి వేశాడు, నాకు జ్వరమేమోనని. చివరికి ఐరిష్ అబ్బాయి బంతి తీసుకుని వాసన చూశాడు. వాడు మా ఇంట్లో రెండుసార్లు ఇడ్లీ తిన్నవాడు. వాడికి వెంటనే అర్థమైంది.

"ఆమె వీటిని ఉడికించింది సార్," అని ఇంగ్లీషులో చెప్పాడు. "టిఫిన్ లాగా."

అంపైరు జేబులోంచి నియమాల పుస్తకం తీసి చాలాసేపు తిప్పాడు. తడిపితే ఏం చేయాలో ఉంది, చెక్కితే ఏం చేయాలో ఉంది, ఉడికిస్తే ఏం చేయాలో లేదు. డబ్లిన్ కోచ్‌ని పిలిచాడు. ఎర్రగడ్డం మనిషి. ఆయన బంతి పట్టుకుని, నవ్వు ఆపుకోలేక, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ఒంగిపోయాడు. మా ఐరిష్ అబ్బాయి ఆ సందట్లో కూడా "ఒంగు!" అని మెచ్చుకున్నాడు.

ఎర్రగడ్డమాయన పెద్దమనిషే. జరిగిందేదో జరిగింది, ఇక నుంచి రెండు జట్లూ తమ డబ్లిన్ బంతులే వాడదాం అన్నాడు. కెప్టెన్ ముఖం వెలిగింది. అయిదు పరుగుల ముందంజ, మూడు విడతలే మిగిలాయి.

"కాదు," అన్నాను. "మొదటి నుంచి ఆడాలి."

"అమ్మమ్మా, మనం కొట్టినయి వాళ్ళ మంచి బాల్స్ గదా! మన అయిదు మనయే. నువ్వే న్యాయం చెప్పు!"

నిజమే. వేళ్ళ మీద లెక్క వేసి అన్నాను: "సరే. మన అయిదూ మనవి. వాళ్ళు చచ్చు బంతులతో ఆడిన నాలుగు విడతలూ మాత్రం వాళ్ళకి మళ్ళీ ఇవ్వాలి. మంచి బంతులతో. వరసగా."

కెప్టెన్ మూతి ముడుచుకుని అది ఇంగ్లీషులో చెప్పడానికి అయిదు నిమిషాలు పట్టింది. అంపైరు ఇలాంటిది తన జన్మలో చూడలేదన్నాడు. అయినా పుస్తకంలో లేని తప్పుకి పుస్తకంలో లేని శిక్షే సరిపోతుందనుకున్నాడేమో, ఒప్పుకున్నాడు.

ఆ తరవాత వాన మొదలైంది. మా పిల్లలు కూర్చోకుండా నాలుగు విడతలు వరసగా మైదానంలో నిలబడ్డారు. కెప్టెన్ నా వైపు చూడకుండా విసిరింది. డబ్లిన్ వాళ్ళు ఆ నాలుగింటిలో నాలుగు పరుగులు తీశారు. మిగిలిన మూడు విడతల్లో ఇంకో మూడు. మాకు ఇంకొక్కటే వచ్చింది. ఏడు, ఆరు. చివరి విడతలో ఒకడు మూల దగ్గర సిద్ధంగా ఉండగా ఐరిష్ అబ్బాయి బ్యాటెత్తాడు. టక్కుమంది! ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. బంతి కంచె మీదికి పోతోంది. డబ్లిన్ పిల్ల ఒకతె పరిగెత్తి, ఎగిరి, దాన్ని పట్టి, పట్టినట్టే వెల్లకిలా దురదమొక్కల్లో పడింది. బంతి మాత్రం వదల్లేదు. మేము ఓడిపోయాం. అంత దురదలోనూ వదలని పిల్లని చూసి చప్పట్లు కొట్టకుండా ఉండలేకపోయాను. మా కెప్టెన్ అది కూడా చూసింది.

ఎర్రగడ్డమాయన వచ్చి తన మోచేతిని నా మోచేతికి తాకించి, ఎన్ని నిమిషాలు ఉడికించారని అడిగాడు. పన్నెండని వేళ్ళతో చూపించాను. అంపైరు ఆట కాగితం కింద ఏదో రాశాడు. ఇంటికెళ్ళి మనవరాలితో చదివించుకున్నాను. "మొదటి నాలుగు విడతల బంతులు కోచ్ ఆవిరిపై ఉడికించినవి. కోచ్ స్వయంగా తెలియజేశారు." రెండుసార్లు కోచ్ అని ఉంది. ఆ కాగితాన్నీ ఫ్రిజ్ మీద, సర్టిఫికెట్ పక్కన అంటించాను.

కెప్టెన్ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు గుమ్మం ముందు నిలబడింది.

"అమ్మమ్మా, చెయ్యి లేస్తలేదు. దువ్వుకుందామంటె గూడ లేస్తలేదు."

పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి, అదే ఇడ్లీ పాత్రలో నీళ్ళు కాచి, గుడ్డ ముంచి భుజానికి కాపడం పెట్టాను. నేను మాస్కు పెట్టుకునే, అది ముఖం అటు తిప్పుకునే.

"బంతులకు వట్టినవ్, ఇగ నాకు వట్టు," అని సణిగింది. అప్పుడు నవ్వింది. ఆ తరవాతే అసలు కబురు చెప్పింది. శనివారం గ్రౌండు ఫ్రిస్బీ వాళ్ళకి ఇచ్చేశారు.

ఆ శనివారం ఉదయం మా అమ్మాయి ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, కాలేజీ ఆటల ఆఫీసరు. నీతో మాట్లాడాలట."

సంగతేమిటంటే, ఫ్రిస్బీ వాళ్ళ కోవిడ్ ఆఫీసరు పక్కింటివాళ్ళకి కరోనా వచ్చి, ఆయన గదిలో తలుపేసుకున్నాడు. ఆఫీసరు లేకుండా పళ్ళెం విసరకూడదు. పాసై ఖాళీగా ఉన్న మనిషి ఆ ఊళ్ళో నేనొక్కదాన్నే. వచ్చి నిలబడతారా అని అడుగుతున్నాడు.

"నిలబడతానని చెప్పు," అన్నాను మా అమ్మాయితో. "కానీ నేను ఒక్కదాన్ని రెండు చోట్ల నిలబడలేను. మైదానంలో సగం నా పిల్లలకి ఇస్తే, మధ్యలో నిలబడి రెండు వైపులా చూస్తాను. ఇవ్వకపోతే ఈ వాతావరణంలో నాకు మోకాళ్ళ నొప్పి."

"అమ్మా, దిస్ ఈజ్ బ్లాక్‌మెయిల్!"

"నువ్వు చెప్పవే ముందు!"

చెప్పింది. అవతల నుంచి "గ్రాండ్" అని వినపడింది.

గంటలో బండి నిండా బ్యాట్లూ సున్నం డబ్బా తాడూ వేసుకుని మైదానానికి వెళ్ళాను. మా వాళ్ళు ఒక వైపు, పళ్ళాల వాళ్ళు ఒక వైపు. మధ్యలో నడుచుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి సున్నంతో గీత వేశాను. ఆట మొదలయ్యాక ఆ గీత అటూ ఇటూ దాటడానికి అక్కడ హక్కున్నది నా ఒక్కదానికే. దాటాను. అవసరం లేకపోయినా ఇంకోసారి దాటాను.

అప్పుడు మా కెప్టెన్ నడుము మీద చేతులు పెట్టుకుని అరిచింది.

"అమ్మమ్మా! ఏ వెధవ వేసిండు ఈ గీత? వంకరున్నది!"

ముప్పై ఒక్క ఏళ్ళలో నా గీత ఒక్కటీ వంకర పోలేదు. ఆ మాటే దాని మొహం మీద అనేసి, తాడు పట్టించి కొలిపించాను.

జానెడు వంకరుంది. అదీ మా వైపు లాభంగా.

చెరిపి మళ్ళీ వేశాను.